అరచేతిలో ఎన్నికల సమాచారం.. పార్టీ రంగు అంటనిదెంత?

ఎన్నికల సంఘం నోరు విప్పక ముందే ఎన్నికల తేదీలు పల్లెల్లోని ఫోనులకు చేరిపోతున్నాయి. 2024 ఫిబ్రవరిలో లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు పేరిట ఒక సందేశం వాట్సాప్ బృందాలలో వీరవిహారం చేసిన సంగతి విదితమే. నామినేషన్లు మొదలుకొని ఓట్ల లెక్కింపు వరకు అన్నీ తేదీలతో సహా అందులో ఉన్నాయి. అది బూటకమని, తేదీలను విలేకరుల సమావేశంలో మాత్రమే ప్రకటిస్తామని కేంద్ర ఎన్నికల సంఘం వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. అసలు షెడ్యూలు మార్చి 16న వెలువడింది. ఆంధ్రప్రదేశ్‌లో 175 శాసనసభ, 25 లోక్‌సభ స్థానాలకు, తెలంగాణలో 17 లోక్‌సభ స్థానాలకు మే 13న పోలింగు, జూన్ 4న లెక్కింపు జరిగాయి. బూటకపు సందేశం చేరిన ఫోనులన్నింటికీ ఆ వివరణ కూడా చేరిందా అంటే చేరలేదనే చెప్పాలి. పుకారు వాట్సాప్‌లో తిరిగితే, ఖండన ఎక్స్‌లో వెలువడింది. గ్రామాల్లో మొదటిదాన్ని వాడేవారే తప్ప రెండోదాన్ని చూసేవారు అరుదు.

ఓటరుకు కావలసిన సమాచారం నిజానికి బహు స్వల్పం. తన పేరు జాబితాలో ఉన్నదా, పోలింగు కేంద్రం ఏది, ఏ గుర్తింపు పత్రం తీసుకువెళ్లాలి, పోటీలో ఉన్నవారెవరు, వారి పూర్వాపరాలేమిటి, అన్యాయం జరిగితే ఎవరికి మొరపెట్టుకోవాలి అన్నవే ఆ ప్రశ్నలు. వీటిలో ఏ ఒక్కటీ ఏ పార్టీ సొత్తూ కాదు. అయినా ఊళ్లలో వీటికి జవాబు మోసుకొస్తున్నది ఎక్కువగా పార్టీల కార్యకర్తలే. ఓటరు చీటీ వెనుక గుర్తు అచ్చయి ఉంటుంది. ఫోనులో బూత్ నంబరు పంపిన వ్యక్తే ఆ సందేశం కిందనే తన నాయకుని ఫొటో జతచేస్తాడు. సామాజిక మాధ్యమాలు వచ్చాక ఈ మధ్యవర్తుల బెడద తప్పుతుందని ఆశించినవారున్నారు. ఆ ఆశ కొంత ఫలించింది, కొంత వికటించింది.

వికటిస్తే నష్టపోయేది ముందుగా వలస కూలీలే. శ్రీకాకుళం జిల్లా నుంచి విశాఖ, హైదరాబాదు, చెన్నైలకు, అనంతపురం నుంచి బెంగళూరుకు, పాలమూరు నుంచి ముంబయి వైపు పొట్టచేతబట్టుకుని వెళ్లినవారికి స్వగ్రామంలో జరుగుతున్నదేమిటో చెప్పే సాధనం ఫోను ఒక్కటే. 2024 మేలో పోలింగుకు ముందు రెండు మూడు రోజులు హైదరాబాదు, బెంగళూరుల నుంచి ఆంధ్రప్రదేశ్‌కు బయలుదేరిన బస్సులు, రైళ్లు కిక్కిరిసిపోయాయి. రానుపోను చార్జీలు, మూడు రోజుల కూలి వదులుకుని వచ్చిన మనిషి బూత్ వద్దకు వెళ్లాక పేరు లేదని తెలిస్తే అతనికి జరిగిన నష్టాన్ని ఏ పార్టీ తీర్చదు. 2018 డిసెంబరు 7న తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో సరిగ్గా ఇదే జరిగింది. పెద్ద సంఖ్యలో ఓటర్లు కేంద్రాల వద్దకు వచ్చి పేర్లు గల్లంతయ్యాయని తెలుసుకుని వెనుదిరిగారు. ఎన్నికల అధికారులు క్షమాపణ చెప్పుకున్నారు.

'49ఏ' పేరిట మాయ

ఆ చేదు అనుభవం చల్లారకముందే, 2019 సార్వత్రిక ఎన్నికల ముంగిట, ఒక 'ఉపాయం' ఫోనులను చుట్టుముట్టింది. జాబితాలో పేరు లేకున్నా బెంగ పడనక్కరలేదని, ఆధార్ కార్డు చూపి సెక్షన్ 49ఏ కింద 'ఛాలెంజ్ ఓటు' అడిగితే ఇచ్చి తీరాలని అందులో ఉంది. మీ ఓటు వేరెవరైనా వేసేస్తే 'టెండర్ ఓటు' కోరవచ్చని, ఒక కేంద్రంలో టెండర్ ఓట్లు 14 శాతం దాటితే అక్కడ రీపోలింగు జరుగుతుందని కూడా రాశారు. పదిమందికి పంపి పుణ్యం కట్టుకోండన్న ధోరణిలో సాగిన ఆ సందేశంలో ఏ పార్టీ పేరూ లేదు. జనం నమ్మడానికి అదే కారణం. పార్టీ ప్రస్తావన లేకపోతే నిష్పాక్షికమన్న భావన పాతుకుపోయింది. అది 2019తో ఆగలేదు, తరువాతి ఎన్నికల్లోనూ తిరుగుతూనే ఉంది.

ఇందులో సగం నిజం, సగం అబద్ధం కలగలిసి ఉన్నాయి. జాబితాలో పేరు లేని వ్యక్తి ఓటు వేయజాలడని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ స్పష్టం చేస్తోంది. ఆధార్ కాదు, పాస్‌పోర్టు చూపినా ప్రయోజనం లేదు. ఛాలెంజ్ అన్నది ఓటరుకు దక్కిన హక్కు కానే కాదు. ఎన్నికల నిర్వహణ నియమాలు, 1961లోని 49జె నియమం ప్రకారం, వచ్చిన వ్యక్తి అసలు ఓటరు కాడని పోలింగు ఏజెంటు రెండు రూపాయలు కట్టి అభ్యంతరం తెలపడమే ఛాలెంజ్. దానిపై ప్రిసైడింగ్ అధికారి అక్కడికక్కడే విచారించి తేలుస్తారు. టెండర్ ఓటు మాత్రం వాస్తవమే. అయితే అది 49పి నియమం కిందకు వస్తుంది. తన పేరుతో అప్పటికే ఎవరో ఓటు వేసి వెళ్లారని తెలిసినపుడు, గుర్తింపు నిరూపించుకున్న అసలు ఓటరుకు కాగితపు బ్యాలెట్ ఇస్తారు. యంత్రాన్ని తాకనివ్వరు. ఆ బ్యాలెట్‌ను ప్రత్యేక కవరులో భద్రపరుస్తారు. మామూలు లెక్కింపులో దాన్ని కలపరు. ఎన్నిక వివాదం న్యాయస్థానానికి వెళ్లినపుడు మాత్రమే దానికి ప్రాణం వస్తుంది. ఇక 14 శాతం లెక్క ఏ నియమంలోనూ లేదు.

ఎవరికీ కీడు చేయని సందేశమే కదా అని తీసిపారేయడానికి వీల్లేదు. దీన్ని నమ్మిన ఓటరు ముందుగా జాబితా చూసుకోడు. చూసుకోవలసిన గడువేమో నామినేషన్ల చివరి రోజుతో ముగిసిపోతుంది. ఆ తేదీ తర్వాత ఎన్నిక పూర్తయ్యే దాకా కొత్త పేరు చేర్చరాదని 1950 నాటి చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. దరఖాస్తు విచారణకు పట్టే కాలాన్ని లెక్కలోకి తీసుకుంటే అంతకు పది రోజుల ముందే ఫారం-6 సమర్పించాలి. పోలింగు రోజు ఉదయం కేంద్రం వద్ద ఆధార్ చేతపట్టుకుని వాదనకు దిగిన వ్యక్తికి అప్పటికి సుమారు నెల కిందటే తలుపులు మూసుకుపోయాయన్న మాట. పల్లెల్లో పోలింగు కేంద్రాల వద్ద జరిగే గొడవల్లో కొన్నింటికి మూలం ఇక్కడే ఉంది.

ఇదే కోవలో మరికొన్ని ఉన్నాయి. ఓటు వేయకపోతే బ్యాంకు ఖాతా నుంచి 350 రూపాయలు కోత పడుతుందన్నది ఒకటి. హోలీ సందర్భంగా ఒక హిందీ పత్రిక హాస్యానికి ప్రచురించిన కల్పిత వార్త అది. హాస్యం ఎగిరిపోయి కోత మిగిలింది. ప్రవాస భారతీయులు ఇంటర్నెట్ ద్వారా ఓటు వేయవచ్చన్నది ఇంకొకటి. అమెరికా, గల్ఫ్ దేశాల్లోని తెలుగువారి బృందాలలో ఇది విస్తృతంగా తిరిగింది. ఫారం-6ఏ ద్వారా వారు పేరు నమోదు చేసుకోవచ్చు గానీ, ఓటు మాత్రం సొంత కేంద్రానికి స్వయంగా వచ్చి, అసలు పాస్‌పోర్టు చూపి వేయవలసిందే. ఓటరు చీటీ ఉంటే చాలన్నది మూడోది. ఆ చీటీ ఒక్కదాన్నే గుర్తింపుగా అంగీకరించరాదని 2019లోనే ఎన్నికల సంఘం నిర్ణయించింది. ఓటరు కార్డు లేనివారు ఉపాధి హామీ జాబ్‌కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాసుపుస్తకం, డ్రైవింగ్ లైసెన్సు, ఆధార్ వంటి వాటిలో ఏదో ఒకటి తెచ్చుకోవచ్చు.

పింఛను ఎక్కడిస్తారో చెప్పినవారేరీ?

నిష్పాక్షిక సమాచారం కొరవడితే ప్రాణాల మీదకు వస్తుందనడానికి 2024 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన పింఛన్ల ఉదంతం తార్కాణం. ఎన్నికలు ముగిసే వరకు గ్రామ, వార్డు వలంటీర్ల ద్వారా నగదు పంపిణీ చేయరాదని కేంద్ర ఎన్నికల సంఘం మార్చి 30న ఆదేశించింది. అప్పటిదాకా ప్రతి నెలా ఒకటో తారీకున ఇంటి గుమ్మంలో పింఛను అందుకోవడానికి అలవాటుపడిన 65 లక్షలకు పైగా లబ్ధిదారులకు తక్షణం తెలియవలసింది ఒక్కటే.. ఇకపై ఎక్కడికి వెళ్లాలి? ఏప్రిల్‌లో సచివాలయాల వద్ద పంపిణీ చేపట్టి, నడవలేనివారికి ఇంటివద్దే ఇస్తామన్నారు. మే నెలలో ఆధార్‌తో అనుసంధానమైన ఖాతాలున్నవారికి బ్యాంకుల్లో జమ చేసి, మిగిలినవారికి ఇళ్లవద్ద ఇచ్చారు.

ఈ రెండు నెలలూ ఊరి వాట్సాప్ బృందాలలో పింఛను గురించి వచ్చినన్ని సందేశాలు మరే విషయం మీదా రాలేదు. వాటిలో అత్యధికం ఈ పాపం ఎవరిదన్నదాని చుట్టూనే తిరిగాయి. పింఛన్లు ఆపించినది ఫలానా వారని ఒక వర్గం, కావాలనే వృద్ధులను ఇబ్బంది పెడుతున్నది ఫలానా వారని మరో వర్గం వీడియోలు గుప్పించాయి. ఏ ఖాతాలో జమ అయింది, ఏ సచివాలయానికి ఏ వేళకు వెళ్లాలి, మంచం పట్టినవారి ఇంటికి ఎవరు వస్తారు అన్న మూడు ముక్కలు తెలుగులో రాసి పెట్టిన ప్రకటన వాటి నడుమ కొట్టుకుపోయింది. మండుటెండలో సచివాలయాలు, బ్యాంకుల చుట్టూ తిరిగి వృద్ధులు సొమ్మసిల్లారు. మరణాలు సైతం వార్తలకెక్కాయి. ఆ మరణాలూ మరుసటి రోజుకు ప్రచార సామగ్రిగా మారిపోయాయి.

భూ యాజమాన్య హక్కు చట్టం విషయంలోనూ ఇదే తంతు. 2023 అక్టోబరు 31 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అమల్లోకి వచ్చిన ఆ చట్టం 2024 ఎన్నికల్లో ప్రధానాంశమై కూర్చుంది. భూములు పోతాయని ఒక పక్షం, భూములకు రక్షణ వస్తుందని మరో పక్షం హోరెత్తించాయి. వివాదం వస్తే రైతు ఎవరి వద్దకు వెళ్లాలి, సివిల్ న్యాయస్థానానికి దారి ఉందా, అప్పీలు ఎక్కడ చేసుకోవాలి అన్న ప్రశ్నలకు జవాబు రాజపత్రంలో అచ్చయిన చట్టం పాఠంలోనే ఉంది. దాన్ని తెనిగించి, సెక్షన్ల వారీగా విప్పి చెప్పినవారు వేళ్ల మీద లెక్కించదగినంత మందే. ఎన్నికల అనంతరం వచ్చిన ప్రభుత్వం 2024 జులైలో శాసనసభలో బిల్లు ఆమోదించి ఆ చట్టాన్ని రద్దు చేసింది. అందులో అసలేమున్నదో చదవకుండానే లక్షల మంది రైతులు దాని మీద తీర్పు చెప్పారంటే అతిశయోక్తి కాదు.

నిజమే, కానీ సగం నిజం

సామాజిక మాధ్యమాలను పూర్తిగా తీసిపారేయడం న్యాయం కాదు. అభ్యర్థుల నేరచరిత్ర, ఆస్తులు, విద్యార్హతలు తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందని సుప్రీంకోర్టు 2002లో, తిరిగి 2003లో తీర్పులిచ్చింది. అహ్మదాబాద్ ఐఐఎం ఆచార్యులు కొందరు 1999లో నెలకొల్పిన ప్రజాస్వామ్య సంస్కరణల సంఘం, అంటే ఏడీఆర్, వేసిన వ్యాజ్యమే దీనికి ఆరంభం. ఆ తీర్పుల ఫలితమే నామినేషన్‌తో పాటు సమర్పించే ఫారం-26 అఫిడవిట్. ఒకప్పుడు దాన్ని చూడాలంటే రిటర్నింగ్ అధికారి కార్యాలయపు నోటీసు బోర్డు వద్దకు వెళ్లాలి. నేడు ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లోనూ, 'నో యువర్ క్యాండిడేట్' యాప్‌లోనూ ఫోను నుంచే చూడవచ్చు. ఏడీఆర్ వారి 'మైనేత' సైటు ఆ పత్రాలను చదివి పట్టికలుగా మారుస్తోంది.

2020 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకేసింది. పెండింగు కేసులున్న వ్యక్తికి టిక్కెట్టు ఇస్తే, ఆ కేసుల వివరాలతో పాటు, కేసులు లేని మరొకరిని ఎందుకు ఎంపిక చేయలేకపోయారో కారణం కూడా రాసి పార్టీ ఒక స్థానిక పత్రికలో, ఒక జాతీయ పత్రికలో, తన ఫేస్‌బుక్, ట్విట్టర్ ఖాతాల్లో ప్రకటించాలని ఆదేశించింది. గెలుపు అవకాశాలున్నాయన్నది మాత్రమే కారణంగా చూపరాదని కూడా తేల్చిచెప్పింది. బిహార్ ఎన్నికల్లో దీన్ని సక్రమంగా పాటించలేదంటూ 2021 ఆగస్టులో పలు పార్టీలకు జరిమానా విధించింది. అయితే ఆచరణలో పార్టీలు చూపుతున్న కారణాలు చదివితే విస్మయం కలుగుతుంది. 'ప్రజల్లో మంచి పేరుంది', 'సేవాభావం గల వ్యక్తి', 'కేసులు రాజకీయ ప్రేరితం' అన్న మూడు వాక్యాలే పేర్లు మారి తిరుగుతుంటాయి. నాయకుని పుట్టినరోజు చిత్రాన్ని వేలమందికి పంచే కార్యకర్తలు ఈ ప్రకటనను పంచిన దాఖలాలు మచ్చుకైనా కానరావు.

ఉన్న వివరాలను వాడుకునే తీరు మరో సమస్య. ఏడీఆర్ 2025 మార్చిలో వెలువరించిన విశ్లేషణ ప్రకారం దేశవ్యాప్తంగా పరిశీలించిన 4,092 మంది శాసనసభ్యుల్లో 1,861 మంది, అంటే 45 శాతం, తమపై క్రిమినల్ కేసులున్నట్లు అఫిడవిట్లలో పేర్కొన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 138, అంటే 79 శాతంతో దేశంలోనే ప్రథమ స్థానం. తెలంగాణలో 82 మంది, 69 శాతం. ఇది వారే స్వయంగా ప్రమాణపూర్వకంగా చెప్పిన సమాచారం గనుక ఇంతకు మించిన నిష్పాక్షికత ఉండదు. కానీ ఫోనుల్లోకి వచ్చేసరికి ఈ పట్టిక రెండుగా చీలుతోంది. ఒక పార్టీ వారు ఎదుటి పార్టీ వరుసలను మాత్రమే కత్తిరించి పంచుతారు. ఎదుటివారూ అదే పని చేస్తారు. కేసు పెండింగులో ఉండటం వేరు, శిక్ష పడటం వేరన్న వివరణ కత్తిరింపులో పోతుంది. ధర్నాలో రోడ్డుపై బైఠాయించిన కేసు, హత్యాయత్నం కేసు ఒకే గాటన కట్టబడతాయి. ఏ సెక్షన్ కింద కేసు, అభియోగాలు నమోదయ్యాయా లేదా అన్నవి అఫిడవిట్‌లో విడివిడిగా ఉంటాయి. ఓటరు చూడవలసిన గడి అదే. కత్తిరింపు వీరులు వదిలేసేదీ అదే.

మూడు గంటల గడువు

నిబంధనలు లేవా అంటే కొల్లలుగా ఉన్నాయి. అభ్యర్థి తన సామాజిక మాధ్యమ ఖాతాల వివరాలు అఫిడవిట్‌లో ఇవ్వాలని, ఆ ప్రకటనలకు ముందస్తు అనుమతి తీసుకోవాలని, ఖర్చు లెక్కలో చూపాలని 2013 అక్టోబరులోనే ఎన్నికల సంఘం ఆదేశించింది. శాసనసభ అభ్యర్థికి పెద్ద రాష్ట్రాల్లో ఖర్చు పరిమితి 40 లక్షల రూపాయలు. అభ్యర్థి అభిమానుల పేరుతో నడిచే పేజీల ఖర్చు ఎవరి పద్దులో చేరుతుందన్నది మాత్రం తేలని చిక్కుముడి. 2019 ఫిబ్రవరి నుంచి ఫేస్‌బుక్, గూగుల్ సంస్థలు రాజకీయ ప్రకటనలకు ఎవరు ఎంత చెల్లించారో బహిరంగంగా చూపుతున్నాయి. వాట్సాప్‌కు అటువంటి తెర లేదు. 2018లో భారత్‌లో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా ఆ సంస్థ కట్టడి చేసింది. పల్లెలో ఐదు బృందాలంటే ఊరంతా అని అర్థం.

పోలింగు ముగియడానికి ముందు 48 గంటల మౌనం సంగతి మరీ విచిత్రం. ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ సభలను, సినిమా, టీవీ వంటి సాధనాల్లో ప్రచారాన్ని నిషేధిస్తోంది. ఆ సెక్షన్ రాసేనాటికి ఫోనులో బొమ్మ కదులుతుందన్న ఊహే లేదు. 2019 మార్చిలో సామాజిక మాధ్యమ సంస్థలు స్వచ్ఛంద నియమావళికి అంగీకరించి, ఆ 48 గంటల ఉల్లంఘనలపై ఎన్నికల సంఘం చెప్పిన మూడు గంటల్లో చర్య తీసుకుంటామన్నాయి. 2024 మే 6న ఎన్నికల సంఘం ఇదే మూడు గంటల గడువును పార్టీలకూ విధించింది. తమ దృష్టికి వచ్చిన నకిలీ వీడియోలను ఆలోగా తొలగించాలని ఆదేశించింది. మైకులు మూగబోయిన రాత్రి, అసలైన ప్రచారం ఫోనుల్లో మొదలవుతోంది. ఫలానా అభ్యర్థి బరి నుంచి తప్పుకున్నాడన్న పుకారు వచ్చేది ఆ రాత్రే. మూడు గంటల్లో అది చేరవలసిన చోటికల్లా చేరి ఉంటుంది.

యంత్రాలు గొంతును, ముఖాన్ని అనుకరించడం నేర్చాక పరిస్థితి మరింత జటిలమైంది. 2024 ఏప్రిల్‌లో దేశాన్ని కుదిపిన వీడియో వివాదానికి ముడిసరుకు తెలంగాణ సభ నుంచే దొరికింది. 2023లో చేవెళ్ల సభలో కేంద్ర హోంమంత్రి చేసిన ప్రసంగాన్ని కత్తిరించి, ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్ల రద్దు గురించి అన్నట్లుగా మార్చి తిప్పారు. ఢిల్లీలోనూ, హైదరాబాదులోనూ కేసులు, అరెస్టుల దాకా వెళ్లింది. కృత్రిమ మేధతో తయారైన ప్రచార దృశ్యాలపై కనీసం పదో వంతు భాగంలో ఆ విషయం స్పష్టంగా రాయాలని 2025 అక్టోబరులో ఎన్నికల సంఘం ఆదేశించింది. చట్టబద్ధంగా తయారుచేసేవారు రాస్తారు. అర్ధరాత్రి పుకారు పుట్టించేవాడు రాస్తాడని ఎవరూ అనుకోవడం లేదు.

అబద్ధమేదో తేల్చే బాధ్యత ఎవరిదన్న వాదన కూడా న్యాయస్థానాలకు ఎక్కింది. తనకు సంబంధించిన వార్తల నిజానిజాలు తేల్చే విభాగాన్ని కేంద్ర ప్రభుత్వమే ఏర్పాటు చేసుకునేందుకు వీలు కల్పించిన నిబంధనను 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు కొట్టివేసింది. ఆటగాడే అంపైరు కారాదన్న వాదన నెగ్గినట్లయింది. హైదరాబాదు కేంద్రంగా ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ వంటి సంస్థలు వైరల్ సందేశాలను పరిశీలించి తెలుగులోనూ ప్రచురిస్తున్నాయి. ఎన్నికల సంఘం 2024 ఏప్రిల్‌లో 'మిథ్య వర్సెస్ వాస్తవం' పేరిట పుకార్ల చిట్టాను అందుబాటులోకి తెచ్చింది. మెచ్చుకోదగిన ప్రయత్నమే. కాకపోతే అక్కడికి వెళ్లి వెదకాలన్న ఆలోచన కలిగే ఓటరు ఆ పుకారును ముందే సగం శంకించి ఉంటాడు.

అధికారుల ఖాతాల తీరు

నిష్పాక్షిక సమాచారానికి సహజమైన చిరునామా జిల్లా ఎన్నికల అధికారి, అంటే కలెక్టరు ఖాతా. ప్రతి జిల్లాకూ అటువంటి ఖాతా ఉంది. చాలా జిల్లాల్లో అందులో కనిపించేవి ఓటరు అవగాహన ర్యాలీలు, రంగవల్లుల పోటీలు, సమీక్షా సమావేశాల ఫొటోలు. పోలింగు కేంద్రం ఒక పాఠశాల నుంచి మరో పాఠశాలకు మారిందన్న కబురు మాత్రం స్కాన్ చేసిన కాగితంగా, అదీ ఆంగ్లంలో, ఏదో మూల దర్శనమిస్తుంది. బూత్ స్థాయి అధికారిగా పనిచేసే అంగన్‌వాడీ కార్యకర్తో, ఉపాధ్యాయుడో తమ పరిధిలోని ఓటర్లతో వాట్సాప్ బృందం నడిపిన చోట్ల ఈ సమస్య సగం తీరిందని గ్రామీణులు చెబుతున్నారు. తెలిసిన మనిషి, తెలుగు మాట, ఇక్కడి బూత్.. జనానికి కావలసింది అదే.

పై స్థాయిలో తలచుకుంటే ఏం చేయవచ్చో బిహార్ చూపింది. అక్కడ ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ తర్వాత 2025 ఆగస్టు 1న వెలువడిన ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేవు. తొలగించిన పేర్లను కారణాలతో సహా జిల్లాల వెబ్‌సైట్లలో పెట్టాలని, కార్డు నంబరుతో వెదికే వీలుండాలని, జిల్లా ఎన్నికల అధికారులకు సామాజిక మాధ్యమ ఖాతాలుంటే వాటిలోనూ ఆ ప్రకటన ఉంచాలని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించింది. న్యాయస్థానం చెబితే తప్ప తొలగింపుల చిట్టా బయటకు రాలేదన్నది గమనార్హం. అదే ఏడాది అక్టోబరులో ప్రకటించిన రెండో విడత సవరణ జాబితాలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు లేవు. పుదుచ్చేరి ఉన్నందున గోదావరి ఒడ్డున ఉన్న యానాం ఓటర్లు మాత్రం ఆ ప్రక్రియ పరిధిలోకి వచ్చారు. పక్కనే కాకినాడ, కోనసీమ గ్రామాలకు వర్తించని నిబంధన యానానికి వర్తించింది. ఫోనుకు వచ్చిన సందేశంలో రాష్ట్రం పేరు లేకపోతే ఎంత గందరగోళమో వేరుగా చెప్పనక్కరలేదు.

తొలగింపుల గండం ఆంధ్రప్రదేశ్‌కు కొత్తేమీ కాదు. 2019 ఎన్నికల ముందు ఫారం-7 దరఖాస్తులు లక్షల సంఖ్యలో ఆన్‌లైన్‌లో వచ్చిపడ్డాయి. తమ పేరుతో ఎవరో దరఖాస్తు పెట్టారని ఎందరో ఫిర్యాదు చేశారు. పోలీసు కేసులు నమోదయ్యాయి. ఆ సమయంలో 1950 నంబరుకు ఫోను చేసి, వెబ్‌సైట్‌లో పేరు వెదుక్కుని, ఆ తెర ఫొటోను బంధువులకు పంపి, మీరూ చూసుకోండని హెచ్చరించినవారి వల్ల నిలిచిన ఓట్లు తక్కువేమీ కావు. పార్టీల ప్రమేయం లేకుండా సామాజిక మాధ్యమం ఓటరుకు చేసిన మేలు ఇది.

పంచాయతీకి లెక్క వేరు

ఊళ్లలో మరో తికమక ఉంది. శాసనసభ, లోక్‌సభ ఎన్నికలు కేంద్ర ఎన్నికల సంఘానివి. పంచాయతీ, పురపాలక ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘానివి. ఉల్లంఘనను ఫొటో తీసి పంపితే 100 నిమిషాల్లో చర్య తీసుకునే 'సీ-విజిల్' యాప్ 2018లో వచ్చింది. అది కేంద్ర సంఘానిదన్న సంగతి చాలామందికి తెలియదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికలకు రాష్ట్ర ఎన్నికల సంఘం 'ఈ-వాచ్' పేరుతో సొంత యాప్ తెచ్చింది. అది వాడుకలోకి రాకముందే హైకోర్టు అడ్డుకట్ట వేసింది.

తెలంగాణలో 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగాయి. పార్టీ గుర్తులు లేవు, యంత్రాలు లేవు, కాగితపు బ్యాలెట్లే. అయినా యంత్రాల మీద పాత పుకార్లు ఊరి బృందాలలో తిరిగే అలవాటు పోలేదు. సర్పంచి ఎన్నికల్లో ఓటరుకు అభ్యర్థి ముఖపరిచయమే, పూర్వాపరాలు ఫోను చెప్పనవసరం లేదు. తెలియవలసింది వార్డు హద్దు, తన పేరు ఏ వార్డులో పడిందన్నదే. శాసనసభ జాబితా నుంచి వార్డులవారీగా విడగొట్టి తయారుచేసే ఆ జాబితాను పంచాయతీ కార్యాలయం గోడకు అతికిస్తారు. ఒకే ఇంటిలో భర్త పేరు ఒక వార్డులో, భార్య పేరు మరో వార్డులో పడటం పరిపాటి. అభ్యంతరాలకు ఇచ్చే గడువు కొద్ది రోజులే. ఊరి కుర్రవాళ్లు ఆ కాగితాలను పేజీ పేజీకీ ఫొటో తీసి బృందంలో పెట్టిన చోట్ల వలస వెళ్లినవారు సైతం గడువులోగా తప్పులు పట్టుకోగలుగుతున్నారు. పెట్టని చోట్ల పోలింగు నాటి ఉదయం వరకు ఎవరి పేరు ఎక్కడుందో తెలియదు.